వీసాకి ఒకటి, మోకాలికి ఒకటి

"అమ్మా, సంక్రాంతి అయ్యాక నువ్వూ నాన్నా ఇక్కడికి రండి. స్కీయింగ్‌కి వెళ్దాం" అని మ్యూనిక్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను రోట్లో చింతకాయ తొక్కు దంచుతున్నాను. మంచు గురించి నాకున్న అనుభవమల్లా ఫ్రిజ్ పై అరలో పేరుకుంటే చాకుతో గీకడమే. నాకు 52 ఏళ్లు. మావారికి 57, పైగా షుగరూ బీపీ రెండూ తోడు. "మాకెందుకే ఈ వయసులో?" అన్నాను. "మొదటిసారి నేర్చుకునేవాళ్లలో నీకంటే పెద్దవాళ్లు బోలెడుమంది ఉంటారు" అంది. అంతే, సరే అనేశాను. పిల్లలు అడిగినప్పుడే వెళ్లాలి, తర్వాత వాళ్లకి తీరిక ఉండదు.

ఈ వారం మీకు చెప్పదలచుకున్నది ఆల్ప్స్ అందాల గురించి కాదు. అవి ఫోటోల్లో చూసేసే ఉంటారు. వెళ్లడానికి ముందు పది రోజులపాటు మా ఇంట్లో జరిగిన ఇన్సూరెన్స్ రామాయణం గురించి.

వీసా పనులు చూసిపెట్టే కుర్రాడు కాగితాల జాబితా ఇస్తూ, "ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా నేనే తీసేస్తాను మేడమ్, ఇద్దరికీ కలిపి రెండు వేల లోపే" అన్నాడు. షెంగెన్ వీసాకి ఈ ఇన్సూరెన్స్ తప్పనిసరి. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉండాలి, షెంగెన్ దేశాలన్నిటిలో చెల్లాలి, అత్యవసర వైద్యం, ఆసుపత్రి ఖర్చు, అవసరమైతే మనిషినో మృతదేహాన్నో స్వదేశానికి చేర్చే ఖర్చు అందులో ఉండాలి. కుర్రాడు చూపించిన పాలసీలో ఇవన్నీ ఉన్నాయి. మావారు కార్డు కూడా తీసేశారు.

నాకో దురలవాటు ఉంది. మందుల డబ్బాలో వచ్చే మడత కాగితం కూడా చదువుతాను. ఆ రాత్రి పాలసీ కాగితాలు ఫోన్‌లో తెరిచి, ఏమేమి ఇస్తారో చెప్పే మొదటి రెండు పేజీలు వదిలేసి, ఏమేమి ఇవ్వరో చెప్పే పేజీకి వెళ్లాను. ప్రమాదకరమైన సాహస క్రీడల వల్ల కలిగే గాయాలకు వర్తించదు అని ఉంది. ఉదాహరణల వరుసలో పారాచూట్ దూకడం, స్కూబా డైవింగ్, పర్వతారోహణ, శీతాకాలపు క్రీడలు.

అంటే మేము విమానంలో జ్వరం తెచ్చుకుంటే డబ్బులిస్తారు. మ్యూనిక్‌లో మెట్ల మీద జారిపడ్డా ఇస్తారు. ఏ పని కోసం వెళ్తున్నామో ఆ పని చేస్తూ పడితే మాత్రం ఇవ్వరు!

పొద్దున్నే ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. "వీసాకి ఇది చాలు మేడమ్. ఎవరూ ఏమీ అడగరు" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. వీసా ఇచ్చేవాళ్లు చూసేది వాళ్ల నిబంధన ప్రకారం ఉందా లేదా అని. మనం కొండ మీద ఏం చేయబోతున్నామో వాళ్లకి అనవసరం. అది చూసుకోవాల్సింది మనమే.

ఇక్కడ మావారు రంగంలోకి దిగారు. "అదనంగా సాహస క్రీడల కవరేజీ కలిపితే ఐదు వేలు దాటుతోంది. మూడు రోజుల జారుడుబండకి ఇంత అవసరమా?" అన్నారు. ఆ మాటకి మా అమ్మాయే జవాబు చెప్పింది. ఆస్ట్రియా కొండల్లో నడవలేని స్థితిలో పడి, హెలికాప్టర్ రావాల్సి వస్తే ఆ బిల్లు వేల యూరోల్లో ఉంటుందట. అక్కడ పన్నులు కట్టే ఆస్ట్రియా వాళ్లకే సరదాగా స్కీయింగ్‌కి వెళ్లి పడితే ఆ ఖర్చు ప్రభుత్వ బీమా పెట్టదు, వాళ్లూ విడిగా బీమా చేసుకుంటారు. "ఆపరేషన్ అవసరమైతే అది వేరే లెక్క నాన్నా" అంది. మావారు లెక్కల మనిషి. ఇంకేమీ మాట్లాడలేదు.

కానీ అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. కొత్త పాలసీ ఫారంలో "ఇప్పటికే ఉన్న జబ్బులు" అనే గడి దగ్గర ఆయన "ఏమీ లేవు" అని టిక్ పెట్టబోయారు. షుగర్ రాస్తే ప్రీమియం పెరుగుతుంది, ఒక్కోసారి పాలసీయే ఇవ్వరు అని ఎవరో చెప్పారట.

"మీరు కొండ మీద షుగర్ పడిపోయి కూలబడితే, అక్కడి డాక్టరు రాసే కాగితంలో షుగర్ అని ఉంటుందా ఉండదా?" అన్నాను.

"అప్పుడు చూద్దాంలే."

"అప్పుడు నేనొక్కదాన్నే చూడాలి. మీరు పడుకుని ఉంటారు."

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు ఆయనే ఫారం తెరిచి షుగరూ బీపీ రాశారు, వాడే మందుల పేర్లతో సహా. ప్రీమియం పెరిగింది, ఎనిమిది వందలో ఎంతో. అయితే రాసినంత మాత్రాన ఆ జబ్బుకి పూర్తి కవరేజీ వచ్చిందనుకోకండి. చాలా ట్రావెల్ పాలసీల్లో పాత జబ్బు వల్ల ప్రాణం మీదికి వస్తేనే, అదీ ఒక పరిమితి వరకే ఇస్తారు. మరి రాయడం వల్ల లాభం ఏమిటంటే, కాలు విరిగిన క్లెయిమ్‌ని "మీరు షుగర్ దాచారు" అని తోసిపుచ్చే అవకాశం ఉండదు.

ఆ తర్వాత నేను ఒక కాగితం మీద ప్రశ్నలు రాసుకుని మూడు కంపెనీలకి ఫోన్ చేశాను. ఆ ప్రశ్నలు ఇక్కడ ఇస్తున్నాను. ఎవరికైనా పనికొస్తాయి.

మొదటిది, స్కీయింగ్ అనే మాట పాలసీలో ఉందా? "సాహస క్రీడలు కవరవుతాయి" అంటే చాలదు. ఏవేవి అన్న జాబితా ఉంటుంది. ఒక కంపెనీ జాబితాలో ట్రెక్కింగ్, రాఫ్టింగ్ ఉన్నాయి కానీ స్కీయింగ్ లేదు.

రెండోది, ఎక్కడ చేస్తే కవరవుతుంది? రాత్రిళ్లు యంత్రాలతో చదును చేసి, అంచుల్లో గుర్తులు పాతి, రక్షణ సిబ్బంది తిరిగే దారిని పిస్ట్ అంటారు. ఆస్ట్రియాలో నీలం గుర్తు సులువు, ఎరుపు మధ్యరకం, నలుపు కష్టం. ఆ గుర్తులు దాటి పక్కనున్న తాజా మంచులోకి వెళ్తే చాలా పాలసీలు చెల్లవు. కొన్నింటిలో శిక్షకుడి పర్యవేక్షణలో ఉంటేనే చెల్లుతుంది. అలాంటి పాలసీ తీసుకుంటే, పొద్దున క్లాసు అయ్యాక మధ్యాహ్నం మనంతట మనం సాధన చేసుకునేటప్పుడు దానికి విలువ లేనట్టే.

మూడోది, కొండ మీద నుంచి కిందికి దించే ఖర్చు ఎవరిది? ఆసుపత్రి ఖర్చు వేరు, ఆసుపత్రి దాకా చేర్చే ఖర్చు వేరు. రెండూ ఉన్నాయో లేదో విడివిడిగా అడగాలి.

నాలుగోది, మనం వెళ్లి ఇంకొకరిని గుద్దితే? మన బండికి థర్డ్ పార్టీ ఉన్నట్టే ఇక్కడా ఉండాలి. స్కీయింగ్‌కి అంతర్జాతీయంగా పది నియమాలున్నాయి. వెనక నుంచి వచ్చేవాడే ముందున్నవాడికి దారి వదలాలి అనేది వాటిలో ముఖ్యమైనది. మన హైదరాబాద్ ట్రాఫిక్ అలవాటుతో వెళ్తే కష్టం. ఇటలీలో అయితే 2022 నుంచి ఈ థర్డ్ పార్టీ బీమా లేకుండా పిస్ట్ మీదికి వెళ్లడమే నేరం. మామూలు ట్రావెల్ పాలసీలో ఈ అంశం ఉన్నా, క్రీడలప్పుడు వర్తించదని ఇంకెక్కడో రాసి ఉండొచ్చు.

ఐదోది, పోటీలు. ఇది నవ్వులాటగా అనిపిస్తుంది కానీ కాదు. స్కీ స్కూళ్లలో వారం చివర పిల్లలకీ పెద్దలకీ సరదా పందెం పెట్టి పతకం ఇస్తారు. పాలసీలో "రేసులకు వర్తించదు" అని ఉంటే ఆ సరదా పందెం సంగతేమిటని అడగండి.

ఆరోది, స్లెడ్జి బండి. మావారు స్కీలు కట్టనని, రాత్రిపూట దీపాలు పెట్టిన దారిలో స్లెడ్జి మీద జారతానని అన్నారు. అది స్కీయింగ్ కాదు కాబట్టి విడిగా అడగాలి.

ఏడోది, మద్యం. చలికి వేడివేడిగా మసాలా వేసిన వైన్ అమ్ముతుంటారు, కొండ మీదే. తాగి పడితే క్లెయిమ్ రాదని దాదాపు ప్రతి పాలసీలోనూ ఉంటుంది.

వీటికి ఫోన్‌లో ఆ అమ్మాయి "ఉంది మేడమ్, ఉంది మేడమ్" అని చెప్పింది. "ఇదే మెయిల్‌లో రాయగలరా?" అన్నాను. రెండు కంపెనీల వాళ్లు మళ్లీ పలకలేదు. మూడో కంపెనీ రెండు రోజులు తీసుకుని రాసి పంపింది. పిస్ట్ మీద అయితే శిక్షకుడు లేకపోయినా చెల్లుతుంది, గుర్తులున్న దారిలో స్లెడ్జీ చెల్లుతుంది, పందెం చెల్లదు అని. దాన్నే తీసుకున్నాం. కంపెనీ గొప్పదని కాదు, రాసి ఇచ్చింది కాబట్టి.

మరి మా అమ్మాయికి? తను జర్మనీలో ప్రభుత్వ ఆరోగ్య బీమా కడుతుంది. ఆ కార్డు ఆస్ట్రియాలోనూ చెల్లుతుంది, కానీ అక్కడి ప్రభుత్వ వ్యవస్థలో ఉన్న డాక్టర్ల దగ్గర మాత్రమే. స్కీ ఊళ్లలో ప్రైవేటు డాక్టర్లు ఎక్కువ. పైగా కొండ మీద నుంచి దించే ఖర్చు అందులో ఉండదు. అందుకని తను జర్మన్ ఆల్పైన్ క్లబ్‌లో సభ్యత్వం తీసుకుంది. దానితో పాటు కొండల్లో రక్షణ ఖర్చులకు బీమా వస్తుంది. యూరప్‌లో ఉంటున్న మన పిల్లలు చాలామంది "మాకు ఇన్సూరెన్స్ ఉందిగా" అనుకుని వెళ్లిపోతుంటారు. వాళ్లని ఒక్కసారి అడగండి.

ఫిబ్రవరి మొదటి వారంలో మ్యూనిక్ నుంచి రైలెక్కి యెన్‌బాఖ్‌లో దిగి, అక్కడ చిన్న రైలు మారి మాయర్‌హోఫెన్ చేరాం. ఊరికి రెండువైపులా రెండు కొండలు. పెన్‌కెన్ అనే కొండ మీద హారాకిరి అని పేరు పెట్టిన పిస్ట్ ఉంది, 78 శాతం వాలు! అటువైపు చూడను కూడా చూడలేదు. నేర్చుకునేవాళ్లకి అనువుగా విశాలంగా ఉండేది రెండో కొండ, ఆహోర్న్. మాకు అదే.

అద్దె స్కీలు ఇచ్చే కొట్లో కుర్రాడు అందరి ముందూ "మీ బరువెంత?" అన్నాడు. ఎత్తు, వయసు కూడా. బూటుని స్కీకి పట్టి ఉంచే లాకు, పడినప్పుడు ఎంత బలానికి ఊడాలో ఆ లెక్కల మీదే బిగిస్తారు. మావారు నా వైపు చూస్తున్నారు. నిజమే చెప్పాను. షుగర్ గడి దగ్గర అంత ఉపన్యాసం ఇచ్చాక ఐదు కేజీలు తగ్గించి చెప్పడానికి మొహం చెల్లలేదు.

మొదటి రెండు రోజులూ బాగా గడిచాయి. స్కీల ముందు కొనలు దగ్గరికి తెచ్చి, వెనక భాగాలు విడదీసి, పిజ్జా ముక్కలా పెడితే వేగం తగ్గుతుందని శిక్షకురాలు నేర్పింది. పక్కన నాలుగేళ్ల పిల్లలు బాతుపిల్లల్లా వరసగా జారిపోతుంటే మేము పెద్దవాళ్లం పిజ్జాలు పెట్టుకుంటూ దిగేవాళ్లం. రెండో రోజు సాయంత్రానికి నీలం దారిలో పడకుండా కిందిదాకా వచ్చేశాను. జీవితంలో నేను కొత్తగా ఏదైనా నేర్చుకుని ఎన్నేళ్లయిందో!

మూడో రోజు మధ్యాహ్నం, క్లాసు అయిపోయాక, ఇంకొక్కసారి అనుకుని వెళ్లాను. వేగంగా కూడా కాదు. దాదాపు ఆగిపోతూ ఉండగా ఒక స్కీ మంచులో గుచ్చుకుంది. నేను ఇటు తిరిగాను, మోకాలు అటే ఉండిపోయింది. నెమ్మదిగా పడితే ఆ లాకు ఒక్కోసారి ఊడదట. నాకూ ఊడలేదు. నొప్పి కంటే ముందు బుర్రలోకి వచ్చిన ఆలోచన చెప్తే నవ్వుతారు: "ఇది గుర్తులున్న దారే కదా?"

మా అమ్మాయి రెండు స్కీలు పైన మంచులో అడ్డంగా గుచ్చింది, వెనక వచ్చేవాళ్లకి తెలియాలని. తర్వాత ఫోన్ చేసింది. ఆస్ట్రియాలో కొండ ప్రమాదాలకి 140, యూరప్ అంతటా 112. పావుగంటలో ఇద్దరు రక్షణ సిబ్బంది స్ట్రెచర్ లాంటి మంచుబండితో వచ్చారు. నన్ను మూటకట్టినట్టు కట్టి, కేబుల్ కార్ దాకా జారుకుంటూ తీసుకెళ్లారు. ఆకాశం తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఏడుపొచ్చింది. నొప్పికి కాదు, మావారికి ఏం చెప్పాలా అని.

ఆయన కింద నిలబడి ఉన్నారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. జేబులోంచి పాలసీ కాగితం తీసి, అందులో ఉన్న నంబరుకి అమ్మాయి చేత అప్పటికే ఫోన్ చేయించారు. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందే ఆ నంబరుకి చెప్పాలని రాసి ఉందని ఆయనకు గుర్తుంది. నేను ఏడు ప్రశ్నలు అడిగానే కానీ, ఆ కాగితం పొద్దున్నే జేబులో పెట్టుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు.

ఎముక విరగలేదు. లిగమెంట్ సాగింది. ఎక్స్‌రే, డాక్టరు ఫీజు 410 యూరోలు, మోకాలికి పట్టీ 90, మంచుబండికి 260. మొత్తం 760. మన డబ్బుల్లో 70 వేల పైమాటే. అక్కడ మేమే కట్టాం. డాక్టరు రిపోర్టు, రక్షణ సిబ్బంది ఇచ్చిన కాగితం, బిల్లులు, కార్డు రసీదులు, బోర్డింగ్ పాసులు అన్నీ స్కాన్ చేసి పంపాం. ఎక్కడ పడ్డారు, ఆ దారి పేరేమిటి, శిక్షకుడు ఉన్నారా అని మళ్లీ అడిగారు. లేరని నిజమే రాసి, వాళ్లు మునుపు పంపిన మెయిల్ జత చేశాను. ఐదు వారాలకి డబ్బు వచ్చింది, మేము భరించాల్సిన మొదటి 100 డాలర్లు పోగా.

అన్నీ ముందే చూసుకున్నానని చెప్పుకోవడానికి లేదు. మిగిలిన రోజులకి కట్టిన లిఫ్టు పాసు, క్లాసుల డబ్బు పోయాయి. అవి తిరిగొచ్చే అంశం కొన్ని పాలసీల్లో ఉంటుంది, నేను అడగనే లేదు. ఇంకా పెద్దది, ఇంటికొచ్చాక చేయించిన ఎంఆర్‌ఐ, రెండు నెలల ఫిజియోథెరపీ. మా ట్రావెల్ పాలసీ ఇల్లు చేరగానే ముగిసింది. ఇక్కడి హెల్త్ పాలసీ ఆసుపత్రిలో చేరితేనే ఇస్తుంది. ఆ ఖర్చంతా మాదే. తిరిగొచ్చాక కూడా కొన్నాళ్లు చికిత్సకి ఇచ్చే పాలసీ ఉందా? ఇది నా జాబితాలో ఎనిమిదో ప్రశ్నగా చేర్చుకోండి.

ఇదంతా యూరప్ వెళ్లేవాళ్లకే అనుకోకండి. మొన్న మా చెల్లెలి కొడుకు, స్నేహితులతో గుల్మార్గ్ వెళ్తున్నానని చెప్పాడు. మన దేశంలోని మామూలు హెల్త్ పాలసీల్లో సాహస క్రీడల మినహాయింపు వృత్తిగా ఆడేవాళ్లకే. సరదాగా వెళ్లి పడి ఆసుపత్రిలో చేరితే సాధారణంగా వర్తిస్తుంది. కానీ గుల్మార్గ్ నుంచి శ్రీనగర్ 50 కిలోమీటర్లు, అదీ మంచు దారి. కొండ మీద నుంచి దించడం, శ్రీనగర్ చేర్చడం, కాలు చాపుకుని హైదరాబాద్ రావడానికి విమానంలో అదనపు సీట్లు, ఇవి హెల్త్ పాలసీలో ఉండవు. దానికి దేశీయ ట్రావెల్ పాలసీ, అందులో స్కీయింగ్ అనే మాట. వాడికీ అదే చెప్పాను: వచ్చే డబ్బు చూపించే పేజీ తర్వాత చదువు, రానిది చెప్పే పేజీ ముందు చదువు. బయల్దేరే ముందే కొను. ప్రయాణం మొదలయ్యాక అడిగితే చాలామంది ఇవ్వరు.

"అంత చెప్తున్నావు, మళ్లీ నువ్వు వెళ్తావా పిన్నీ?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపే మావారు అందుకున్నారు. "వచ్చే ఫిబ్రవరికి టికెట్లు చూస్తోందిరా. నేను పాలసీలు చూస్తున్నా" అన్నారు.